రాత్రి మేలుకొనువారి చరిత్ర



మన పల్లెలలో మనుష్యుని నడవడిని తూచుటకు పెద్దలు వాడెడి తూనికలలో నిద్ర లేచెడి వేళ యొకటి. కోడి కూసినంతనే లేచి, కొట్టములోని పసులను చూచుకొని, వేపపుల్ల నోట బెట్టుకొని చెఱువువైపు పోవువాడు బుద్ధిమంతుడు. పొద్దు బారెడెక్కిన పిమ్మట కన్నులు నులుముకొనుచు అరుగుమీదికి వచ్చువాడు సోమరి. ఆ సోమరి క్రిందటి రాత్రి ఎంతవఱకు మేలుకొనెనో, మేలుకొని ఏమి పని చేసెనో సాధారణముగా ఎవరును అడుగరు. నేడు నేను ఆ యడుగని ప్రశ్ననే అడిగి, దానికి చరిత్ర యిచ్చు సమాధానమును మీకు విన్నవింపదలచినాను.

ముందుగా ఒక మాట చెప్పవలసియున్నది. నేను ఆ రెండవ తెగకు చెందినవాడను. పగలు నాలుగు గంటలు కూర్చుండి వ్రాయలేనిది రాత్రి ఒక్క జాములో వ్రాయగలను. ఊరు సద్దుమణగిన తరువాత గాని నా బుద్ధి మేలుకొనదు. కావున ఈ విషయమున నాకు కొంత పక్షపాతము ఉండుట సహజము. ఆ సంగతి యెఱిగియే నా మాటలను తూచి చూడుడు. నాకు ఎదురుగా సాక్ష్యము చెప్పు సంగతులను గూడ నేను దాచను.

రాత్రి మేలుకొనువానికి మన భాషయే తొలి శత్రువు. నిశాచరుడనగా రాత్రివేళ సంచరించువాడని మాత్రమే పదార్థము. కాని ఆ మాట మనకు రాక్షసునకు పేరైనది. గుడ్లగూబ ఇంటిపై వ్రాలినచో కీడని భయపడుదుము. ఇంకొక ప్రక్క బ్రాహ్మీ ముహూర్తమును, అనగా సూర్యోదయమునకు ముందు 96 నిమిషములనుండి 48 నిమిషములవఱకు గల కాలమును, ధర్మశాస్త్రములును ఆయుర్వేదమును వేనోళ్ల పొగడినవి. ఈ పొగడ్తకు కారణము లేకపోలేదు. పూర్వము దీపములోని చమురు కాసులు పెట్టి కొనవలసినది. సూర్యుని వెలుగు ఊరకే దొరకెడిది. ఊరకే దొరకు వెలుగును నిద్రలో పోగొట్టుకొని, కొన్న చమురును రాత్రి కాల్చువాడు సంసారమునకు నష్టము తెచ్చువాడే యనిపించెను. అది గృహస్థుని లెక్క. తప్పుపట్టదగినది కాదు.

అయినను మన యితిహాసములే మఱియొక లెక్కను గూడ చూపినవి. అర్జునునకు గుడాకేశుడని పేరు. నిద్రను జయించినవాడని దానికి పెద్దలు అర్థము చెప్పుదురు. ఒక రాత్రి ఆయన భోజనము చేయుచుండగా గాలికి దీపమాఱెను. చీకటిలోను చేయి తప్పక నోటికి పోవుట చూచి, అభ్యాసమున్నచో బాణమును ఇట్లే గుఱికి పోవునని గ్రహించి, నాటినుండి రాత్రులందు విలువిద్య సాధన చేసెను. అర్ధరాత్రమున వింటి నారి మ్రోత విని ద్రోణుడు లేచి వచ్చి శిష్యుని కౌగిలించుకొనెనని ఆదిపర్వమున కలదు. పాండవ మధ్యముని ప్రసిద్ధికి మూలమైన సాధన నిశాసాధనయే. రామాయణకథలో లక్ష్మణుడు పదునాలుగేండ్లు నిద్ర మాని అన్నావదినలను కావలి కాచెననియు, ఆయన నిద్రను ఊర్మిళాదేవి తాను తీసికొనెననియు జనులు చెప్పుకొందురు. మన యాడువారి పాటలలో ఊర్మిళాదేవి నిద్రకు ప్రత్యేక స్థానమున్నది. ఒకే యింట ఒకరు మేలుకొని ఒకరు నిద్రించి, ఇరువురును కలిసి ధర్మము నెఱవేర్చిరనుట ఆ కథలోని సారము. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. దీని అవసరము ముందు కలుగును.

ఇక కథలను విడిచి కాలపు కొలతకు వత్తము. మన పూర్వులు దినమును 60 గడియలుగా విభజించిరి. గడియ యనగా 24 నిమిషములు. అడుగున సన్నని రంధ్రము గల రాగిగిన్నెను నీటిపై తేలవిడిచినచో అది నిండి మునుగుటకు పట్టు కాలమది. గడియారమను మాటకు మూలము అదియే. ఏడున్నర గడియలు ఒక జాము, అనగా 3 గంటలు. రాత్రికి నాలుగు జాములు. పగటికి నాలుగు జాములు ఉన్నట్లే రాత్రికిని నాలుగు ఉండుటలో ఒక విశేషమున్నది. ఎవరును మేలుకొనని కాలమును కొలుచుట ఎవరికిని అక్కఱలేదు. రాత్రిని జాములుగా పంచిరనగా ఆ జాములకు కాపరులుండిరన్న మాట.

ఆ కాపరులు ఎవరో మీలో వయసు మీఱినవారు నాకంటె బాగుగా ఎఱుగుదురు. కఱ్ఱ నేలకు తాటించుచు వీథివీథి తిరిగిన తలారి యొకడు. పంట కోతకు వచ్చిన దినములలో మంచెపై కూర్చుండి అడవిపందులను కేకలతో తఱుమువాడు ఒకడు. కళ్లములో కుప్ప ప్రక్కను కంబళి కప్పుకొని కూర్చుండినవాడు ఒకడు. బెల్లము వండు దినములలో గానుగ దగ్గఱ పొయ్యి ఆఱకుండ చెఱకుపిప్పి వేయువాడు ఒకడు. వీరు పగలు నిద్రించినచో ఊరిలో ఎవరును సోమరులనలేదు. తోలుబొమ్మలాటగాండ్రు ఆముదపు దీపముల వెలుగున, భాగవతులు కాగడాల వెలుగున తెల్లవాఱువఱకు ఆడినప్పుడు ఊరంతయు మేలుకొని చూచెను. శివరాత్రి జాగరము పుణ్యమాయెను. రాత్రి మేలుకొనుట తప్పని మన యూళ్లు ఎన్నడును శాసింపలేదు. ఏ పనికై మేలుకొనుచున్నాడని మాత్రమే విచారించినవి.

ఊరి సంగతి యిట్లుండగా రాజుల సంగతి యేమి? కౌటిల్యుని అర్థశాస్త్రమును మైసూరులో శామశాస్త్రిగారు 1909లో ముద్రించి లోకమునకు తెలియజేసిరి. అందులో రాజు దినచర్య యున్నది. రాత్రిని ఎనిమిది భాగములు చేసిరి. ఒక్కొక్కటి సుమారు గంటన్నర. మొదటి భాగమున గూఢచారులను చూడవలెను. రెండవ భాగమున స్నానము, భోజనము, చదువు. మూడవ భాగమున వాద్యధ్వనులతో పడకటింటికి పోయి నాలుగు, అయిదు భాగములు నిద్రింపవలెను. ఆఱవ భాగమున లేచి శాస్త్రమును, చేయవలసిన పనులను చింతింపవలెను. అనగా ఆ రాజునకు నాలుగున్నర గంటలకు మించి నిద్ర లేదు. లేచు వేళ అర్ధరాత్రము దాటిన గంటన్నరకే. అయితే ఇంత కఠినమైన పట్టిక వేసిన పిమ్మట ఆ గ్రంథకర్త చల్లని మాట యొకటి చేర్చెను. రాజు తన శక్తికి అనుకూలమైన రీతిని రాత్రిని పగటిని వేఱుగా పంచుకొని పనులు చేసికొనవచ్చునని ఆయన అనుమతించెను. మనుష్యుల శరీరములన్నియు ఒక్క అచ్చులో పోసినవి కావని ఆ రాజనీతిజ్ఞునకు తెలియును.

తరువాతి కాలమున అక్బరు పాదుషా 1575లో ఫతేపూరు సిక్రీయందు ఇబాదత్ ఖానా యను మందిరమును కట్టించి, గురువారపు రాత్రులందు మతపండితులను కూర్చి వాదములు జరిపించెను. అవి పెక్కుమాఱులు తెల్లవాఱువఱకు సాగెడివి. మొదట ముసల్మాను పండితులు, పిమ్మట హిందువులు, జైనులు, పారసీకులు, క్రైస్తవులు అచట మాటలాడిరి. పగలు దర్బారు కోలాహలమున సాధ్యము కాని విచారణ రాత్రి నిశ్శబ్దమున సాధ్యమయ్యెను.

మఱి రాత్రి మేలుకొనువాడు సోమరి యెప్పుడు ఆయెను? దీనికి జవాబు వెదకుటకు కొంతసేపు ఐరోపాఖండమునకు పోవలెను. ఏలననగా దీపమును, మిల్లు కూతయు అచటనే పుట్టి మనకు వచ్చినవి. రోజర్ ఎకిర్చ్ అను చరిత్రకారుడు పాత దినచర్యలను, న్యాయస్థానపు వాఙ్మూలములను, వైద్యగ్రంథములను వెదకి 2001లో ఒక సంగతిని ప్రకటించెను. యంత్రయుగమునకు ముందు అక్కడి జనులు రాత్రిని రెండు నిద్రలుగా నిద్రించెడివారు. చీకటి పడిన కొంతసేపటికి మొదటి నిద్ర. నడిరేయి మెలకువ వచ్చి ఒక గంటయో అంతకు మించియో ప్రార్థన చేయుట, ప్రక్కవారితో మాటలాడుకొనుట, ఇంటి పనులు చూచుకొనుట. పిమ్మట రెండవ నిద్ర. నడిరేయి మెలకువ వచ్చినచో జబ్బని ఎవరును వైద్యునికొఱకు పరుగెత్తలేదు.

ఈ ఏర్పాటును దీపము మార్చినది. 1780 ప్రాంతమున ఆర్గాండ్ అను స్విట్జర్లాండువాడు గుండ్రని వత్తిని, గాజుచిమ్నీని కూర్చి పాత దీపములకంటె అనేక రెట్లు వెలుగునిచ్చు దీపమును చేసెను. 1792లో మర్డాక్ బొగ్గునుండి తీసిన వాయువుతో తన యింట దీపము వెలిగించెను. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ భూమిని తొలిచి నూనె తీసెను; ఆ శతాబ్దము ముగియకముందే కిరసనాయిలు మన దేశమున విరివిగా అమ్ముడుపోజొచ్చినది. ఆముదపు ప్రమిదె పోయి బుడ్డి, బుడ్డి పోయి లాంతరు వచ్చినవి. 1879లో ఎడిసన్ విద్యుద్దీపము. 1897లో డార్జిలింగులో జలపాతపు శక్తితో విద్యుత్తు. లాంతరు ముందు కూర్చుండి పరీక్షలకు చదివి పైకి వచ్చినవారు మన పల్లెలలో ఎందఱో కలరు.

దీపము చదువరికి వరమైనట్లే కూలికి శాపమయ్యెను. చీకటి పడినప్పుడు ఆగవలసిన పని ఆగలేదు. 20వ శతాబ్దపు తొలి యేండ్లలో బొంబాయి మిల్లులలో విద్యుద్దీపములు పెట్టిన పిమ్మట పనిదినము 14, 15 గంటలవఱకు సాగినది. 1911నాటి ఫ్యాక్టరీ చట్టము వచ్చి నేతమిల్లులలో పురుషుల పనిని దినమునకు 12 గంటలకు పరిమితము చేసినది. మిల్లునకు కావలసినది వేయిమంది ఒక్క క్షణమున గేటు దాటుట. కూత వినబడిన పిమ్మట వచ్చినవానికి జరిమానా. పాఠశాల గంటయు, కచేరి గంటయు ఆ కూతకు చెల్లెండ్రు. పూర్వము ఒక జాము ముందు వెనుకలుగా పనికి వచ్చుటకు చోటుండెను. గడియారపు ముల్లు ఆ చోటును మ్రింగివైచినది. రాత్రి చక్కగా పని చేయగలవాడు ఉదయము గంటకు తూగుచు నిలిచినప్పుడు సోమరి యను పేరు వానికి స్థిరపడినది.

ఒకని అలవాటును ఇతరుని గడియారమునకు కట్టివేసినచో ఏమగునో చెప్పుటకు డెకార్ట్ అను తత్త్వవేత్త కథ చాలును. ఆధునిక గణితమునకును తత్త్వశాస్త్రమునకును పునాది వేసిన ఫ్రెంచి మేధావులలో ఆయన యొకడు. బాల్యమున దుర్బలుడగుటచే పాఠశాలలో ఆలస్యముగా లేచుటకు ఆయనకు అనుమతి యుండెను. ఆ యలవాటు జీవితాంతము నిలిచెను. 1649లో స్వీడను రాణి క్రిస్టీనా ఆయనను స్టాక్‌హోముకు పిలిపించెను. రాణిగారికి ఉదయము 5 గంటలకు పాఠము కావలెను. ఉత్తరదేశపు మంచు చలికాలమున ఆ చీకటిలో లేచి రాజభవనమునకు పోవలసివచ్చెను. 1650 ఫిబ్రవరి 11న న్యుమోనియాతో ఆయన మరణించెను. చలియు, అలవాటు లేని వేకువయు కలిసి ఆయనను క్రుంగదీసెనని చరిత్రకారులు వ్రాసిరి.

రాత్రికి తగిన పని దొరికినచో ఇట్టివారు లోకమునకు ఏమి యిత్తురో జ్యోతిశ్శాస్త్రము చూపినది. ఇంగ్లండులోని బాత్ నగరమున విలియం హెర్షెల్ పగలు సంగీతోపాధ్యాయుడు. రాత్రి తానే సానబట్టిన అద్దములతో ఆకాశమును గాలించెడివాడు. 1781 మార్చి 13వ తేదీ రాత్రి ఆయనకు యురేనస్ గ్రహము కనబడెను. అంతకు పూర్వము వేలకొలది సంవత్సరములుగా మనుష్యులు ఎఱిగిన గ్రహములలో అది లేదు. చెల్లెలు కారొలిన్ రాత్రులందు మేలుకొని అన్నగారి పరిశీలనలను వ్రాసికొనుచు, తాను స్వయముగా 8 తోకచుక్కలను కనుగొనెను.

ఈ రాత్రివ్యవసాయమున మన వారును వెనుకబడలేదు. విశాఖపట్టణమున గొడే వెంకట జగ్గారావుగారు 1840లో తమ సొంత ధనముతో వేధశాలను నెలకొల్పిరి. జమీందారీ కుటుంబమున పుట్టినవారు రాత్రి సుఖనిద్రను విడిచి దూరదర్శిని ముందు కూర్చుండిరి. 1856లో ఆయన గతించిన పిమ్మట అల్లుడు అంకితం వెంకట నరసింగరావుగారు ఆ వేధశాలను నిలిపి, తమ పరిశీలనలను విదేశపు పత్రికలకు పంపుచు, లండనులోని రాయల్ ఖగోళ సంఘమున సభ్యత్వమును బడసిరి. మదరాసు వేధశాలలో చింతామణి రఘునాథాచారిగారు 1867లో కాంతి హెచ్చుచు తగ్గుచునుండు ఒక నక్షత్రమును కనుగొనిరి. హైదరాబాదున నవాబు జఫర్‌జంగు 1901లో ఆరంభించిన వేధశాల నిజామియా పేరున ప్రసిద్ధి కెక్కి, ఆకాశమంతటిని నక్షత్రముల పట్టికగా వ్రాయుటకు లోకమునందలి వేధశాలలు పంచుకొన్న మహాకార్యములో తన పాలును నెఱవేర్చినది. ఆ పట్టికలోని ప్రతి చుక్క వెనుకను ఎవరో ఒకరు మేలుకొన్న రాత్రి యున్నది. వీరు ఉదయము ఎన్ని గంటలకు లేచిరని మనము అడుగుదుమా?

ఇంతవఱకు చెప్పినది అలవాటు సంగతియని మీరు అనవచ్చును. అలవాటును మార్చుకొనవచ్చును గదా, నాలుగు దినములు బలవంతముగా లేపినచో అదియే కుదురుకొనును గదా యని పెద్దలు చెప్పుట నేనును విన్నాను. దీనికి శాస్త్రజ్ఞులు మూడువందల యేండ్లుగా సమాధానము వెదకుచున్నారు.

1729లో ఫ్రాన్సుదేశపు మెరాన్ అను పండితుడు పగలు ఆకులు విప్పి రాత్రి ముడుచుకొను అత్తిపత్తివంటి మొక్కను చీకటిగదిలో పెట్టెను. సూర్యుని పొడ లేకున్నను ఆ మొక్క పగటివేళకు ఆకులు విప్పి, రాత్రివేళకు ముడుచుకొనెను. దానిలోపలనే గడియారమున్నదని తేలినది. 1962లో మిషెల్ సిఫ్ర్ అను ఫ్రెంచి యువకుడు గడియారము లేకుండ భూగర్భపు గుహలో రెండు నెలలు ఉండెను. సెప్టెంబరు 14న బయటికి వచ్చినప్పుడు ఆయన లెక్కకు అది ఆగస్టు 20. మనస్సు దినములను తప్పినది గాని శరీరము తప్పలేదు. సుమారు 24 గంటల 30 నిమిషములకు ఒకమాఱు చొప్పున నిద్ర క్రమముగా వచ్చుచునే యుండెను.

1971లో అమెరికాలో కొనొప్కా, బెంజర్ అను ఇరువురు పండ్లపై ముసురు చిన్న యీగలలో ఈ గడియారపు మూలమును పట్టుకొనిరి. ఒకే బీజాంశము చెడిన మూడు తెగల యీగలు వారికి దొరికినవి. ఒక తెగకు దినము 19 గంటలు; మఱియొక తెగకు 28 గంటలు; మూడవ తెగకు క్రమమే లేదు. ఆ బీజాంశము పని చేయు తీరును విప్పిచెప్పిన హాల్, రాస్‌బాష్, యంగ్ అను మువ్వురకు 2017లో నోబెలు బహుమానము లభించెను. మనుష్యులలోను అట్టి భేదములు కలవు. రాత్రి ఏడున్నరకే నిద్ర ముంచుకొని వచ్చి వేకువ నాలుగున్నరకే మెలకువ వచ్చు కుటుంబములలో ఒకదానియందు దానికి కారణమైన బీజాంశపు మార్పును 2001లో కనుగొనిరి. నిద్రవేళ వెనుకకు జరిగిన కుటుంబములలోని మార్పును 2017లో కనుగొనిరి. ఇట్టివారు అరుదు, తక్కిన మనమందఱము ఈ రెండు కొనల నడుమ ఎక్కడనో ఒకచోట నిలిచినవారము. ఒడ్డు పొడుగులు తల్లిదండ్రులనుండి వచ్చినట్లే నిద్రవేళయు కొంత వంశమునుండి వచ్చును.

వయస్సును బట్టియు అది మాఱును. పండ్రెండు, పదుమూడేండ్లు దాటినది మొదలు పిల్లల నిద్రవేళ క్రమముగా ఆలస్యమగుచు పోవును. ఇరువదవ యేట దాదాపు మిక్కిలి యాలస్యమగును. అటుపిమ్మట మరల ముందునకు జరుగుచు వార్ధక్యమున వేకువకు ముందే మెలకువ వచ్చును. మీ యింట తాతగారు తెల్లవాఱుజామున మూడు గంటలకు లేచి దగ్గుచు కూర్చుండుటయు, మనుమడు రాత్రి పండ్రెండు గంటలకును పుస్తకము మూయకుండుటయు ఒకే ప్రకృతి చేసిన రెండు పనులు. తాతగారికి పుణ్యము వలన మెలకువ రాలేదు. మనుమనికి పాపము వలన నిద్ర ఆగలేదు.

ఇట్లు ఏల యుండవలెను? దీనికి ఆఫ్రికాలోని టాంజానియా దేశమున వేటాడి, దుంపలు త్రవ్వి, తేనె తీసి జీవించు హాడ్జాజనులలో చక్కని సమాధానము దొరకినది. 2017లో ప్రకటింపబడిన పరిశోధన యిది. 33 మంది పెద్దవారి చేతులకు నిద్రను గుర్తించు చిన్న పరికరములను కట్టి 20 దినములు గమనించిరి. మొత్తము 220 గంటలకు పైబడిన పరిశీలనలో ఆ 33 మందియు ఒక్కసారి గాఢనిద్రలో నున్న కాలము 18 నిమిషములు మాత్రమే. ఏ క్షణమున చూచినను సగటున మూడవవంతుకంటె ఎక్కువమంది మేలుకొనియో, తేలికగా కునుకుచునో యుండిరి. వారు కావలికి మనుష్యులను నియమింపలేదు, వంతులు వేసికొనలేదు. పడుచువారు ఆలస్యముగా పడుకొనిరి, వయసు మీఱినవారు వేకువనే లేచిరి. రాత్రి తనంతట తానే పంచబడినది. సింహములు తిరుగు చోట గుడిసెలలో పడుకొను జనులకు ఇంతకంటె మంచి కావలి వేఱొకటి యుండదు.

లక్ష్మణుని మెలకువను ఊర్మిళ నిద్రతో కలిపి గుర్తుంచుకొనుడని నేను ఇందాక కోరినది ఇందుకే. తొలిజాములందు మేలుకొనువాడును, మలిజాములందు మేలుకొనువాడును ఒకే కావలి యొక్క రెండు వంతులు. ఒకని మెలకువ వలన రెండవవాని నిద్ర సురక్షితమయ్యెను. వేలకొలది తరములు మనుష్యజాతిని బ్రదికించిన ఈ ఒప్పందములో సగము భాగమును మనము సోమరితనమని తిట్టుచున్నాము.

అయితే నాకు ఎదురుగా నున్న సంగతులను దాచనని మొదటనే మాట యిచ్చితిని. రాత్రి మేలుకొనువారందఱు ఒక్క రకము వారు కారు. స్వభావముచే రాత్రి చురుకుగా నుండి, పని చేసికొని, ఉదయము నిద్రను పూర్తి చేసికొనువాడు ఒకడు. పొట్టకూటికై బలవంతముగా రాత్రి మేలుకొనువాడు రెండవవాడు. ఏ పనియు లేక చేతిలోని ఫోను వెలుగును చూచుచు రాత్రిని కరగించువాడు మూడవవాడు.

రెండవవాని విషయమున మనము మిక్కిలి జాగరూకులము కావలెను. ఈ వారము పగలు, వచ్చువారము రాత్రి యని మార్చి మార్చి పని చేయించినచో శరీరపు గడియారము చెదరును. క్యాన్సరు పరిశోధన జరుపు అంతర్జాతీయ సంస్థ రాత్రి షిఫ్టు పనిని క్యాన్సరు కలిగింపగల కారణములలో ఒకటి కావచ్చునని 2007లో వర్గీకరించి, 2019లో మరల పరిశీలించి ఆ నిర్ణయమునే నిలిపినది. ఆసుపత్రి నర్సులు, కర్మాగారపు కార్మికులు, లారీ నడుపువారు ఈ భారమును మనకొఱకు మోయుచున్నారు. మన రైతు మాత్రము? రాత్రివేళ వచ్చు కరెంటు కొఱకు టార్చిలైటు పట్టుకొని బోరు దగ్గఱకు పోయి, పాముకాటునకో విద్యుద్ఘాతమునకో గుఱియైనవారి వార్తలు తెలుగునాట ఎన్నియో యేండ్లు వింటిమి. తెలంగాణమున 2018 జనవరి 1 నుండి వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభించినప్పుడు, పొలమునకు నీరు పగలు పెట్టుకొను వీలు కలుగుట గొప్ప మేలు. రైతు నిద్రకు గూడ వెల యున్నదని ఏలువారు గుర్తింపవలెను.

మూడవవానికి నేను వకాల్తా పుచ్చుకొనను. పెద్దవానికి దినమునకు 7 గంటలకు తక్కువ కాని నిద్ర కావలెనని నేటి వైద్యులు చెప్పుచున్నారు. రాత్రి రెండు గంటలకు పడుకొని ఆఱు గంటలకే లేచువాడు కౌటిల్యుని రాజు కాడు; తన యారోగ్యమును అప్పు తెచ్చి తినువాడు. నావంటి రాత్రి మనుష్యులకు నేను చెప్పుకొను నీతియు ఇదియే. రాత్రి మనదైనచో ఉదయపు నిద్ర గూడ మనదే. ఆ రెండింటిలో ఒకదానిని విడిచి రెండవదానిని పుచ్చుకొనరాదు.

పెద్దలకు నా విన్నపము చిన్నది. ఒకడు ఎన్ని గంటలకు లేచెనని అడుగుటకు ముందు ఎన్ని గంటలు నిద్రించెనని అడుగుడు. దానికంటె ముందు, మేలుకొనిన కాలమున ఏమి చేసెనని అడుగుడు. వేకువను చదువు బాగుగా అంటువానిని రాత్రి పదింటివఱకు పుస్తకము ముందు కూర్చుండబెట్టవలదు. రాత్రి చదువు అంటువానిని నాలుగు గంటలకు నీళ్లు చల్లి లేపవలదు. ఇద్దఱికిని ఒకే వేళను విధించి, ఒకనిని బుద్ధిమంతుడనియు ఒకనిని మొద్దు అనియు పేరు పెట్టినచో, ఆ పేరు వాని జీవితమునకు అంటుకొనును. తనను సోమరియని నమ్మిన బాలుడు నిజముగానే సోమరి యగుట నేను చూచినాను. ఆ నష్టము ఊరిదే.

మీకును ఒక ఊరట. వయసుతో పాటు వచ్చిన తెల్లవాఱుజాము మెలకువను చూచి, నిద్ర పట్టదని చింతించి, మాత్రలకొఱకు వెదకుచుండు పెద్దలు కలరు. శరీరమున వేఱు బాధ యేదియు లేనిచో, పగలు అలసట లేనిచో, అది జబ్బు కానక్కఱలేదు. అది మీ వంతు కావలి. మీరు లేచు వేళకు నావంటివాడు దీపమార్పి పడుకొనుచుండును. ఊరు ఒకరి చేతినుండి ఒకరి చేతికి మాఱుచున్నది. అంతవఱకు నేను కాచితిని. ఇక మీరు కాయుడు.